సున్నా నీళ్ళు

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో పెద్దమ్మ ఉంది, తాతయ్య ఉన్నాడు, అన్నయ్య ఉన్నాడు, నేను ఉన్నాను. మూడు గంటలకు సంగీతం ఆవిడ, అంటే ఒక సినిమాకు సంగీతం చేసినావిడ, వచ్చింది. పెదనాన్న డ్యూటీకి వెళ్ళాడు కాబట్టి ఆయన్ని ఈ లెక్కలో కలపడం లేదు.

అన్నయ్య అంటే పెద్దమ్మ కొడుకు. సినిమాలు, పాటలు, గేముల మీద అభిప్రాయాలు చెప్పి వీడియోలు పెడతాడు. చాలామంది చూస్తారు. ఆ అభిప్రాయాలు నావి. ఊళ్ళో పదో తరగతి అయ్యాక కాలేజీ కోసం ఈ ఇంటికి వచ్చినప్పుడు నా డైరీ అతని చేతిలో పడింది. "బాగా రాశావే. నాకు చూసే తీరిక లేదు, నీకు మాట్లాడే నోరు లేదు. సరిపోయింది," అన్నాడు. నాకూ సరిపోయిందనే అనిపించింది. నలుగురిలో ఎవరైనా పేరు అడిగినా నా గొంతు పెగలదు.

నా అభిప్రాయాలు గొప్పవేమీ కావు. హీరో నడిచి వస్తుంటే వెనక డప్పులు మోగే సినిమాలు నాకు నచ్చవు. అతను గొప్పవాడో కాదో నన్ను చూసుకోనివ్వాలి. పాటలో పల్లవి కంటే రెండో చరణానికి ముందు వచ్చే వాయిద్యం ఇష్టం. గేముల్లో లారీ నడిపేది ఇష్టం. అందులో గెలవడం ఉండదు. వాన పడుతుంది, అద్దం మీద వైపర్లు తిరుగుతాయి, అంతే. ఊళ్ళో మా టీవీకి బొమ్మ పోయి రెండేళ్ళపాటు శబ్దం మాత్రమే వచ్చేది. ఎవరూ బాగుచేయించలేదు. సినిమాలు నేను అలా విన్నాను. అందుకేనేమో, మొహాల కంటే చప్పుళ్ళు నాకు ఎక్కువ గుర్తుంటాయి.

ఈ సంవత్సరం నుంచి ప్రతి పేజీ చివర నీళ్ళు అని ఒక అంకె వేస్తున్నాను. సినిమా మధ్యలో ఎన్నిసార్లు లేచి మంచినీళ్ళకు వెళ్ళానో ఆ లెక్క. సినిమా బాగోలేకపోతే నాకు దాహం వేస్తుంది. ఇది అన్నయ్యకు చెప్పలేదు. అతను అడగలేదు.

సంగీతం ఆవిడ పనిచేసిన సినిమా చిన్నది. అందులో ఒకామె కొట్లో నిలబడి ఇస్త్రీ చేస్తూ ఉంటుంది. తొమ్మిది నిమిషాల సీను. మాటల్లేవు. ఇస్త్రీపెట్టె బట్ట మీద జరిగే చప్పుడు, దాని కింద సన్నగా ఒకే ఒక్క స్వరం. నేను ఇలా రాశాను: "రెండు గంటలు కదల్లేదు. కాలు తిమ్మిరెక్కింది. ఏడుపు రాలేదు, నవ్వు రాలేదు. అయిపోయాక ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. నీళ్ళు 0." దాని ముందు పేజీలో ఒక పెద్ద సినిమా ఉంది. దానికి "నీళ్ళు 4" అని వేశాను.

అన్నయ్య పెద్ద సినిమాకు ఐదుకు నాలుగు మార్కులు ఇచ్చాడు. చిన్న సినిమాకు సున్నా ఇచ్చాడు. "కాళ్ళు తిమ్మిరెక్కిపోయాయి బాబోయ్! ఏడుపూ రాదు, నవ్వూ రాదు," అంటూ కెమెరా ముందు కుంటి చూపించాడు. జనం ఆ కుంటిన ముక్క ఒక్కటే కత్తిరించుకుని ఒకరికొకరు పంపుకున్నారు. నేనూ చూశాను. చెప్పాలనుకున్నాను. ఆ రోజు డైరీలో "చెప్పలేదు" అని రాసుకున్నాను. మర్నాడూ అదే మాట. మూడు వారాలు అదే మాట.

ఆ ఆదివారం సంగీతం ఆవిడ వచ్చి కుర్చీ అంచున కూర్చుంది. నేను టీ తెచ్చాను.

"పోట్లాటకు రాలేదు బాబూ," అంది అన్నయ్యతో. "నా చేతిలో ఇంకో సినిమా ఉంది. నీ వీడియో చూశాక దాని నిర్మాతలు వెనకాడుతున్నారు. బుధవారం ఏ సంగతీ చెప్తామన్నారు. ఈలోపు తప్పెక్కడ జరిగిందో తెలిస్తే దిద్దుకుంటానని చెప్పుకుంటాను. అందుకే వచ్చాను."

"మా వాడంతేనండీ, ముక్కుసూటి మనిషి," అంది పెద్దమ్మ. "నా వంటకు కూడా మార్కులేస్తాడు."

"నీకెన్ని వేశాడే?" అన్నాడు తాతయ్య.

"మీరూరుకోండి నాన్నా."

అన్నయ్య గొంతు సవరించుకున్నాడు. "అంటే మేడం... మొత్తంగా చూస్తే..."

"ఇస్త్రీ సీనా?"

"అదే! అదే మేడం."

అతను ఆ సినిమా చూడలేదు.

ఆవిడ నా వైపు తిరిగింది. "నువ్వు చూశావా అమ్మా?"

తల ఊపాను.

"ఎలా ఉంది?"

నా దగ్గర ఉన్న మాట ఒక్కటే. "కాలు తిమ్మిరెక్కింది," అన్నాను.

"నీక్కూడానా," అని ఆవిడ టీ గ్లాసు కింద పెట్టేసింది.

"ఇంటిల్లిపాదికీ తిమ్మిరే!" అని తాతయ్య నవ్వాడు.

నాకేమీ అనిపించలేదు. ట్రే అంచు వేళ్ళకు నొక్కుకుంటోందని మాత్రం తెలిసింది.

"ఒక్క నిమిషం మేడం," అని అన్నయ్య నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళాడు. "ఆ డైరీ తే. ఏం రాసి చచ్చావో నాకు గుర్తులేదు."

తెచ్చాను. పేజీ తీసి చివరి అంకె మీద వేలు పెట్టాను.

"ఇవి మార్కులు కాదన్నయ్యా."

"మరి?"

"ఎన్నిసార్లు నీళ్ళకు లేచానో రాసుకున్నా. సున్నా అంటే లేవలేదు."

అతను ముందు పేజీ తిప్పాడు. "మరి ఈ నాలుగు?"

"నాలుగుసార్లు లేచా. ఆ ఫైటు జరిగినంతసేపూ ఇక్కడే ఉన్నా."

"ఓరి నాయనో!" అని గోడకు ఆనుకున్నాడు. "మూడు వారాలు బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావా?"

"ఆవిడకు చెప్పన్నయ్యా."

"చెప్తా. నేనే చెప్తా. ఇన్నాళ్ళూ నోరెత్తలేదుగా, ఈ ఒక్కపూటా ఎత్తకు."

హాల్లోకి వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాడు. "మేడం, పొరపాటు నాదే. మీ సినిమా మళ్ళీ చూశాను. ఇప్పుడే ఇంకో వీడియో చేద్దాం. మీరు కూడా కూర్చోండి." డైరీలోకి చూస్తూ కెమెరా గొంతుతో మొదలుపెట్టాడు. "రెండు గంటలు కదల్లేదు మేడం. అయిపోయాక ఎవరితోనూ మాట్లాడాలనిపించలేదు. కాలు తిమ్మి..."

ఆగిపోయాడు. ఆవిడ అతన్ని చూడటం లేదు. నన్ను చూస్తోంది.

"ఆ అమ్మాయిని కూడా కూర్చోబెట్టు," అంది.

"దాన్నా? కెమెరా చూస్తే జ్వరమొస్తుంది మేడం దానికి."

"నోట్లో నాలుక లేని పిల్లండీ," అంది పెద్దమ్మ.

అన్నయ్య గదిలోనే వీడియోలు తీస్తాడు. కిటికీకి పరుపు ఆనించి, ఫ్యాను ఆపి, తలుపు వేస్తాడు. ఆ తలుపు పడిందంటే పెద్దమ్మ వంటింటి కుళాయి కట్టేయాలి, తాతయ్య రేడియో ఆపేయాలి. అందరికీ అలవాటే. తాతయ్య అప్పుడే రేడియో ఆపేశాడు.

ఆవిడ లోపలికి వెళ్ళింది. వెనక అన్నయ్య వెళ్ళాడు. నేను గుమ్మం దాకా నడిచాను. ఎందుకు నడిచానో ఇప్పటికీ సరిగ్గా తెలియదు.

"అన్నయ్యా, నేను చెప్తాను," అన్నాను.

"ఏంటీ?"

"ఆ స్వరం గురించి. సినిమాలో ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టినప్పుడల్లా అది కూడా ఆగుతుంది. చివర్లో మాత్రం పెట్టె ఆగినా అది ఆగదు. నువ్వు చూడలేదు."

ఈ ఇంట్లో నేను ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు. పెద్దమ్మ కుళాయి మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది.

అన్నయ్య గొంతు తగ్గించాడు. "మా తల్లివి కదూ. తర్వాత మాట్లాడదాం. సౌండ్ వస్తుంది." నా డైరీ అతని చంకలో ఉంది.

"ఆగు బాబూ, ఆ పిల్ల ఏదో..." అని లోపలి నుంచి ఆవిడ అంటూ ఉండగానే, అన్నయ్య తలుపు వేశాడు.