ఎన్ని పూటలు?

"ఎన్ని పూటలే?" అడిగింది మా అత్త రామలక్ష్మమ్మ, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ.

నేను వెళ్తున్న ఆక్లండ్ ఎంత దూరమని కాదు, ఎన్ని గంటలని కాదు. పూటలు. ఈ ఇంట్లో నా ప్రయాణాలన్నిటికీ కొలత అదే. పూట అంటే అన్నం, కూర, చారు, ఆపైన అంట్లు. మధురవాడ ట్రావెల్స్ ఆఫీసులో కూర్చుని రోజంతా జనానికి విమానం టికెట్లు తీస్తాను. ఎక్కడ మారాలో, ఎన్ని గంటలు పడుతుందో గడగడా చెప్తాను. "అన్ని దేశాలూ తిరిగేశారా మేడం?" అంటారు. నా మొహం! ఇంతవరకూ విమానం గడప తొక్కలేదు.

ఆక్లండ్‌లో మా చెల్లి ఇంద్రజ ఒక్కర్తే ఉంటోంది. గర్భసంచిలో గడ్డ. వచ్చే వారం ఆపరేషన్. "మత్తు దిగి కళ్ళు తెరిసేసరికి నువ్వుండాలే అక్కా" అని ఫోన్లో వెక్కివెక్కి ఏడ్చింది. వీసా వచ్చింది. పదకొండు వేల కిలోమీటర్ల పైమాటే. సింగపూర్‌లో ఆగేది కలుపుకుంటే దాదాపు ఒక రోజు. ఇవాళ్టి విమానానికి నిన్న నా టికెట్ నేనే తీసుకున్నాను. ఎన్ని వందల మందికి తీశానో, నా పేరు కొట్టేటప్పుడు మాత్రం స్పెల్లింగు రెండుసార్లు సరిచూసుకున్నాను.

"అంత దూరమెల్లి నువ్వేటి సేత్తావ్? అక్కడ డాక్టర్లు లేరేటి? అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాకు పోర్టులో షిఫ్టులు. వంటెవులు సేత్తారు?" అన్నాడు మా ఆయన మోహనకృష్ణ, టీవీ మీంచి కళ్ళు తియ్యకుండా.

దూరం! దూరం సంగతి నాకా చెప్పేది! రెండేళ్ళ కిందట మల్కాపురంలో మా అమ్మకి బాగోలేదని తెల్లారగట్ల ఫోనొచ్చింది. ఆటో ఎక్కితే గంట. "మీ అమ్మకేటవదు, టిఫిన్లెట్టేసి ఎల్లు" అంది అత్త. టిఫిన్లయ్యాక, "సుట్టాలొత్తన్నారు, భోజనాలయ్యాక ఎల్దువులే" అన్నాడు ఈయన. భోజనాలయ్యాక, రాత్రికి కూర చేసి మూత పెట్టమన్నారు. పోపు వేస్తుండగా మళ్ళీ ఫోన్ మోగింది. అమ్మ పోయింది. ఆ కూర వీళ్ళు తిన్నారు. ఉప్పెక్కువైందని తర్వాత నాతోనే అన్నారు.

ఆ రోజు ఏడవలేదు. ఇప్పుడు పెట్టె సర్దుతుంటే ఏడుపొచ్చింది. భయం కూడా వేసింది, ఇంద్రజ దగ్గరికీ ఆలస్యంగానే చేరతానేమోనని.

"ఏటే, పలకవు? ఎన్ని పూటలని అడుగుతుంటే!"

పెట్టె గుమ్మం దగ్గర నిలబెట్టాను.

"మూడు పూటలొండినా మా అమ్మని సూడనేకపోనానత్తా. ఇంక పూటలు లెక్కెట్టను."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. నేను చెప్పులేసుకుంటుంటే గొంతు తగ్గించి, "ఎల్లొత్తానని అను. అలా అనకుండా ఎల్లకూడదు" అంది.

"ఎల్తన్నాను" అన్నాను.