మళ్ళీ తీయవలెను

పదిహేడో ట్యూబుకి చీటీ అంటించి, బొటనవేలితో ఎడమ నుంచి కుడికి ఒక్కసారి రుద్దాడు. బుడగ లేదు, వంకర లేదు. ఆస్పత్రి లాబ్‌లో ఇరవై ఏడేళ్ళుగా అతని పని ఇదే. పొద్దున్నే వార్డులు తిరిగి జ్వరంతో ఉన్నవాళ్ళ ముక్కుల్లోంచి పుల్లతో శాంపిల్ తీస్తాడు, ట్యూబులో వేస్తాడు, చీటీ అంటిస్తాడు. ఒక మంచం దగ్గర్నుంచి ఇంకో మంచం దగ్గరికి వెళ్ళేముందు గ్లవుజులు మారుస్తాడు. ఇన్నేళ్ళలో ఒక్క శాంపిలూ తారుమారు కాలేదు. ఏదైనా పొరపాటు జరిగితే ట్యూబుకి అంటించడానికి 'మళ్ళీ తీయవలెను' అని అచ్చేసిన ఎర్ర చీటీలుంటాయి. మిగతావాళ్ళ సొరుగుల్లో ఆ కట్టలు ఏటా ఖర్చయిపోయేవి. అతని సొరుగులోది మాత్రం పెట్టింది పెట్టినట్టే ఉంది. గొప్పగా చెప్పుకోవడానికి అతనికున్నది అదొక్కటే. దాన్ని గురించి ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

పద్దెనిమిదో ట్యూబు తోడల్లుడిది.

తోడల్లుడు సిటీ బస్సు డ్రైవరు. మనిషి పొడుగు, నవ్వు బారెడు. అతనికి ఏదొచ్చినా రెండేసి వచ్చేవి. నడినెత్తిన సుడులు రెండు. మొదటి కాన్పులోనే కవలలు. డిపో వాళ్ళ లాటరీలో ఒకే సాయంత్రం రెండు బహుమతులు, ఫ్యానొకటి, గోడ గడియారమొకటి. పెద్దల్లుడైన ఇతణ్ణి మావగారు "రండి, కూర్చోండి" అనేవాడు. చిన్నల్లుడొస్తే మాత్రం లేచి వీధి గుమ్మం దాకా ఎదురెళ్ళేవాడు. ఇవన్నీ పెద్దల్లుడు పాతికేళ్ళుగా ఒక్కటీ మర్చిపోకుండా కడుపులో పెట్టుకున్నాడు. పైకి "మా తమ్ముడు అదృష్టవంతుడండీ" అని నవ్వేవాడు. లోపల కుతకుత ఉడికిపోయేవాడు.

పదకొండింటికి టెక్నీషియన్ అమ్మాయి మెషిన్ దగ్గర్నుంచి కాగితం పట్టుకుని వచ్చింది.

"బాబాయ్, పద్దెనిమిదిలో ఫ్లూ రెండు రకాలూ చూపిస్తోంది, ఏ, బి రెండూను. ఒక మనిషికి ఒకేసారి రెండూ రావడం చాలా అరుదు. రేపు పొద్దున్న పెద్ద డాక్టర్‌గారికి చెప్తే విద్యార్థులందర్నీ వెంటేసుకుని చూడ్డానికొస్తారు!"

అతనికి ఒళ్ళు మండిపోయింది. జ్వరంలో కూడా జోడీయేనా! పోయిన నెల తనకూ ఫ్లూ వచ్చింది. ఒక్కటే రకం. మూడు రోజులు ముక్కు చీదుకుంటూ డ్యూటీ చేస్తే, ఎలా ఉందని అడిగిన నాథుడు లేడు. ఇప్పుడు ఇతగాడి మంచం చుట్టూ తెల్లకోట్లు మూగుతాయి. ఊళ్ళో చుట్టాలంతా "పాపం, రెండట!" అని నోళ్ళు నొక్కుకుంటారు. తన భార్య చెల్లెలి మొగుడి గొప్ప తన భార్యే వీధి వీధీ మోసుకొస్తుంది.

"రెండూ నిజమైతే వెంటనే పై అంతస్తుకి మార్చాలి," అంది అమ్మాయి. "అక్కడైతే ఊపిరి ఎలా ఉందో నిమిషం నిమిషం చూస్తారు. జనరల్ వార్డులో నలభైమందికి ఒక్క నర్సు. కానీ ముందు, పక్క మంచం శాంపిల్ ఇందులో కలవలేదని తేల్చుకోవాలి కదా. గ్లవుజులు మార్చారు కదూ బాబాయ్? మీరు మార్చకపోవడమేంటి, ఊరికే అడుగుతున్నా."

మార్చాడు. పొద్దున ఎనిమిదిన్నరకి, కిటికీ పక్క నిలబడి, పాతవి బుట్టలో పడేసి, కొత్తవి తొడుక్కుని మరీ తీశాడు. అది అతని కళ్ళ ముందే ఉంది.

"మార్చినట్టు గుర్తు లేదమ్మా," అన్నాడు.

అమ్మాయి తెల్లబోయింది. అతనే సొరుగు లాగి, కట్ట మీది దారం విప్పి, పైన ఉన్న ఎర్ర చీటీ తీసి పద్దెనిమిదో ట్యూబుకి అంటించాడు. ఇరవై ఏడేళ్ళ పేరు పోయింది. పోతే పోనీ, కాసేపైనా రెండు ఒకటవుతుంది, చాలు అనుకున్నాడు. ఆ క్షణంలో అతనికి నిజంగానే హాయిగా అనిపించింది.

మళ్ళీ శాంపిల్ తీయడానికి వెంటనే వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. ట్యూబుల డబ్బా కడిగాడు. క్యారియర్ విప్పి అన్నం తిన్నాడు, మెతుకు మెతుకూ నములుతూ. శుభ్రంగానే ఉన్న బల్లని మరోసారి తుడిచాడు. రెండయ్యాక మెట్లు దిగి జనరల్ వార్డుకి వెళ్ళాడు.

తోడల్లుడు దిండుకి ఆనుకుని రొప్పుతున్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. అయినా అన్నగారిని చూడగానే నవ్వబోయాడు.

"మళ్ళీనా అన్నయ్యా?"

"ఆ. పొద్దుటిది సరిగా రాలేదు."

"మీ చేతిలోనా!" రెండు సార్లు ఊపిరి పీల్చుకుని గాని తర్వాతి మాట రాలేదు. "మీకు తెలీదు గానీ... మీరంటే నాకు మొదట్నుంచీ కుళ్ళే అన్నయ్యా. నేను మూడుసార్లు బస్సు గుద్దాను. మీది ఒక్క తప్పు లేదు. మావగారు నాతో ఎప్పుడూ అదే అనేవారు, పెద్దల్లుణ్ణి చూసి నేర్చుకోరా అని."

అతని చేతిలో పుల్ల ఆగిపోయింది. శాంపిల్ తీసి, కంబళి గుండెల దాకా లాగి కప్పాడు. ఈసారి లాబ్‌కి నడవలేదు, మోకాళ్ళ నొప్పి లెక్కచెయ్యకుండా పరిగెత్తాడు. "ముందు ఇది పెట్టమ్మా, ఇదొక్కటీ ముందు పెట్టు," అని అమ్మాయి పక్కనే నిలబడ్డాడు. మెషిన్‌ని తొందరపెట్టడం ఎవరి వల్లా కాదని అందరికంటే బాగా తెలిసినవాడు దాన్ని పట్టుకుని రెండు గంటలూ నిలబడే ఉన్నాడు.

కాగితం వచ్చింది. రెండూ ఉన్నాయి.

అది పట్టుకుని వార్డులోకి వెళ్ళేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది. నర్సు తల అడ్డంగా ఊపింది. "పావుగంటైంది. అవతల ఇంకో పేషెంటుని చూసి వచ్చేసరికే... మందు మాత్రం పొద్దుట్నుంచీ ఇస్తూనే ఉన్నామండీ."

వరండాలో మరదలు గోడకి చేరగిలబడి కూర్చుంది. "బావగారూ, పై అంతస్తుకి మారుస్తారేమో అని పొద్దున్న నర్సు అంది కదా, ఎందుకు మార్చలేదు?" అని అడిగింది. ఆమె నిజంగా తెలుసుకోవడానికే అడిగింది. అతను ఆమె పక్కన నేలమీద కూలబడ్డాడు. చేతిలోని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

డ్యూటీ దిగే వేళకి లాబ్‌కి వెళ్ళాడు. టెక్నీషియన్ అమ్మాయికి అప్పటికే కబురు తెలిసింది. ఆ పోయినవాడు అతనికేమవుతాడో కూడా తెలిసింది. ఏడుపు ఆపుకుంటూ, ఓదార్పుగా అతని భుజం మీద చెయ్యి వేసింది.

"పొద్దుటిది కూడా సరైనదే బాబాయ్. మీ పొరపాటేం లేదు."

ఆమె వెళ్ళిపోయాక అతను స్టాండు వైపు చూశాడు. మిగతా ట్యూబులన్నీ పారేయడానికి తీసుకుపోయారు. పద్దెనిమిదోది ఒక్కటే మిగిలింది, బుడగ లేకుండా, వంకర లేకుండా అంటించిన ఎర్ర చీటీతో.