ట్యాంకు వెనకాల కుండీ

ఊరుకోవడం నాకు చేతకాదు. ఆ మాట మా ఆయన వైకుంఠం పెళ్ళయిన నెలలోనే అన్నాడు. మా అత్త పోయేదాకా అంటూనే ఉంది. నానబెట్టిన పప్పుని నాలుగుసార్లు నొక్కి చూస్తాను. పాలు పొయ్యి మీద పెడితే పొంగేదాకా అక్కడే నిలబడి పాలనే తిట్టుకుంటాను. ఇక కన్నకూతురు ఇల్లు విడిచి హాస్టల్లో ఉంటే ఎలా ఊరుకుంటాను?

మా రశ్మి నిశ్చితార్థమైన రెండు నెలలకి ఈ పెళ్ళి వద్దంది. ఎందుకని అడిగాను. చెప్పలేదు. పొద్దున అడిగాను, పడుకునే ముందు అడిగాను, స్నానాలగది తలుపు బయట నిలబడి అడిగాను. సంక్రాంతికి వారం ముందు అది రెండు సూట్‌కేసులు సర్దుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్‌కి వెళ్ళిపోయింది. ఆటో ఎక్కుతూ, "అమ్మా, నేనే ఫోన్ చేస్త. అప్పటిదాక నువ్వు చెయ్యకు" అంది. సరే అన్నాను. ఆటో ఉప్పుగూడ స్టేషన్ దాటకముందే మొదటి ఫోన్ చేశాను.

పండుగ మర్నాడు పక్కింటి శారదమ్మ తన మిద్దె తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టింది. వాళ్ళది పాలవ్యాపారం. ఇంటి వెనక నాలుగు బర్రెలున్నాయి, పేడకు కరువు లేదు. మిద్దె మీద పన్నెండు సిమెంటు కుండీల్లో మల్లె, చుట్టూ గులాబీ, చామంతి, బంతి. ఎండాకాలం వచ్చిందంటే మా గల్లీ ఆడవాళ్ళ జడల్లో ఆమె మల్లెలే. వరంగల్‌లో చెల్లెలికి మోకాలి ఆపరేషనని నెలరోజులు పోతోంది. కొడుకు రవీందర్‌కి బర్రెలతోనే తెల్లారిపోతుంది కాబట్టి మొక్కల పని నాకొచ్చింది.

"చెప్పిందే చెయ్యి, నీ తెలివి పెట్టకు" అంటూ మొదలుపెట్టింది. "గులాబీకి, బంతికి పొద్దుగాల నీళ్ళు పొయ్యి. మిట్టమధ్యాహ్నం పొయ్యకు, వేరు ఉడుకుతది. బంతి జానెడు పెరిగితే తల తుంచు, పక్కలకు కొమ్మలేస్తది. పూసి వాడిన చామంతిని కిందికి కత్తిరించు, పిలకలొస్తే ఇడదీసి నాటు. మల్లె జోలికి మాత్రం పోకు. కొమ్మలు సగానికి కొట్టిన, ఆకంత దూసిన. శివరాత్రి దాక సుక్క నీళ్ళు పొయ్యద్దు."

"సచ్చిపోదా అక్కా?"

"సావదు. గట్ల ఎండితెనే పూస్తది. శివరాత్రికి నేనొచ్చి ఎరువేసి నీళ్ళు పోస్త. ఉగాదికి మొగ్గ. నీకేం ఫికర్ లేదు, నువ్వు ఊకుంటే సాలు."

అడిగి అడిగి నన్నే అడిగింది ఊరుకోమని!

నాలుగు రోజులు చెప్పినట్టే చేశాను. బంతి తలలు తుంచాను. చామంతి పిలకలు విడదీసి నాటాను, బతికాయో లేదోనని రెండింటిని పీకి చూసి మళ్ళీ నాటాను. కానీ ఏ పని చేస్తున్నా కళ్ళు మల్లె కుండీల మీదికే పోయేవి. ఒక్క ఆకు లేదు. గోధుమరంగు పుల్లలు, బీటలువారిన మట్టి. వేలితో గీకితే దుమ్ము లేచేది. అక్కడ రశ్మి ఫోన్ ఎత్తదు, ఇక్కడ ఈ పుల్లలు. కాలుకాలిన పిల్లిలా మా మిద్దెకీ ఆమె మిద్దెకీ మధ్య తిరిగాను.

ఆరో రోజు సకినాలు డబ్బాలో పెట్టుకుని హాస్టల్‌కి పోయాను. గేటు దగ్గరి వార్డెన్ పైకి కబురంపింది. రెండో అంతస్తు కిటికీలో రశ్మి కనిపించింది. నన్ను చూసింది. కిందికి రాలేదు. అరగంట నిలబడ్డాక వార్డెనే వచ్చి డబ్బా అందుకుంది, పాపం ఆమె నా ముఖంలోకి చూడలేకపోయింది. తిరుగు ఆటోలో ఉండగా మెసేజ్ వచ్చింది. "ఇంకోసారి ఇట్ల వస్తే హాస్టల్ మార్చుకుంట. ఎక్కడికో గూడ చెప్ప."

ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. నేనేం తప్పు చేశాను? తల్లిని, అడగకూడదా? ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా మిద్దెక్కాను. మాకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఆ రోజు పట్టుకున్న రెండు బకెట్లూ తీసుకుపోయి మల్లెలకి పోసేశాను. మట్టి బుసబుసమని తాగింది. తలనొప్పికి మోకాలికి మందు రాసుకున్నట్టయింది నా పని, కానీ ఎన్నాళ్ళకో కడుపు చల్లబడింది.

ఆ తర్వాత ఆపలేకపోయాను. మా రెండిళ్ళ మధ్య పిట్టగోడ దగ్గర నిలబడితే కనిపించే కుండీలన్నిటికీ రోజూ నీళ్ళు. పది రోజులకి కణుపు కణుపునా చిగురు. మూడో వారానికి మిద్దె పచ్చగా నిగనిగలాడింది. మా ఆయనకి నయాపూల్ దగ్గర తాళ్ళు, సుతిలీ అమ్మే దుకాణం ఉంది. రాత్రి ఇంటికి రాగానే పైకి తీసుకుపోయి చూపించాను.

"శారదమ్మ పొయ్యద్దని చెప్పింది గద?" అన్నాడు.

"చెప్తది. సచ్చిపోతుంటే చూసుకుంట కూసుంటమా?"

ఆయన ఆకుని పట్టుకుని చూసి కిందికి దిగిపోయాడు. అలా దిగిపోతే నాకు ఒళ్ళు మండుతుంది.

శివరాత్రి ముందురోజు శారదమ్మ వచ్చింది. సంచి గడపలో పడేసి నేరుగా మిద్దెక్కింది. వెనకే నేను. మెచ్చుకుంటుందని, నిజం చెప్పాలంటే, కాస్త ఆశపడ్డాను. ఆమె మొదటి కుండీ దగ్గర వంగింది, ఆకుల కింద వేళ్ళు పెట్టి వెతికింది. రెండోది, మూడోది చూసింది. నడుం మీద చెయ్యి వేసుకుని లేచింది.

"నీళ్ళు పోసినవా?"

"పాపమనిపించింది అక్కా."

"పాపమా? ఇది నీ పాపం గాదే, నీ ఆత్రం. ఆత్రగానికి బుద్ధి మట్టు అని ఊకెనే అన్నరా? ఇగ ఈ ఏడు ఆకులు ముడుసుకోవాలె తలల. మల్ల దూసి, మల్ల ఎండబెడితే వైశాఖంల నాలుగు పూస్తయేమో!"

నోటికొచ్చినట్టు తిట్టింది. రవీందర్ పాలక్యాన్‌తో వచ్చి, విని, అలాగే వెనక్కి పోయాడు. నాకు మామూలుగా ఒక మాటకి పది మాటలొస్తాయి. ఆ రోజు మాత్రం మిద్దె మీదే కూలబడి ఏడ్చాను, రశ్మి కోసం దాచిపెట్టిన ఏడుపంతా. హాస్టల్ గేటు సంగతి, మెసేజ్ సంగతి, రోజుకి ముప్పై ఫోన్లు చేస్తున్న సంగతి అన్నీ చెప్పాను. శారదమ్మ నా పక్కన కూర్చుని అంతా వింది.

తర్వాత లేచి నీళ్ళ ట్యాంకు వెనక్కి పోయింది. "ఏయ్ వాసవమ్మా, ఇటు రా" అని కేకేసింది.

ట్యాంకు అవతల, ఎండవైపు, పన్నెండో కుండీ. మా పిట్టగోడ దగ్గర్నించి కనిపించదు. నేను దాన్ని పూర్తిగా మరిచిపోయాను. నెలరోజులు చుక్క నీళ్ళు లేక ఎండుపుల్లల కట్టలా ఉంది. శారదమ్మ గోటితో కొమ్మని గీకి చూపించింది. లోపల పచ్చగా ఉంది. మట్టి గుల్లచేసి, రెండు దోసిళ్ళు పేడ ఎరువేసి, చెంబు నా చేతికిచ్చింది.

"పొయ్యి. ఇప్పుడు పొయ్యి. దీనికి ఇయ్యాల టైమొచ్చింది."

పోశాను. పోస్తుంటే ఆమె అంది, "ఆ పోరిని గూడ గట్లనే ఇడువు."

"పిల్లా, మల్లెచెట్టూ ఒకటేనా అక్కా?" కసిరాను. ఇప్పటికీ ఒకటంటే ఒప్పుకోను. కానీ ఇంటికిపోయి ఫోన్ తీస్తే వేలు రశ్మి పేరు మీదికే పోయింది. అలాగే తెచ్చి శారదమ్మ చేతిలో పెట్టాను. "నీ దగ్గెర ఉంచు. నేనడిగినా ఇయ్యకు."

"నీకిచ్చిన తాళంచెవి లెక్క గాదు, మంచిగనే జూస్కుంట" అని కొంగున ముడేసుకుంది.

ఆ రోజులు ఎలా గడిచాయో నాకే తెలుసు. పొద్దున్నే పోయి, "మోగిందా?" అని అడిగేదాన్ని. "మోగింది. బ్యాంకోడు లోన్ గావాల్నా అన్నడు, వద్దన్న." సాయంత్రం మళ్ళీ పోయేదాన్ని. ఆమె నాకు చెంబిచ్చి ట్యాంకు వెనక్కి పంపేది, మట్టి ఆరితేనే పొయ్యమనేది. ఇంట్లో డబ్బాలన్నీ కడిగాను, కడిగినవే మళ్ళీ కడిగాను. రశ్మికి జ్వరమొచ్చిందేమో, ఏడుస్తుందేమో, నన్ను మరిచిపోయిందేమో అని ఒకటే భయం. మరిచిపోయిందేమోనన్నదే అన్నిటికంటే పెద్దది.

ఇరవై రోజులకి ఎండుపుల్లల మీద చిన్న చిన్న ఆకులు, వాటి కొసల్లో బియ్యపుగింజలంత మొగ్గలు. విప్పి చూడాలని చెయ్యి ముందుకు పోయింది. ఇంకో చేత్తో దాన్ని పట్టుకుని వెనక్కి లాక్కున్నాను. తక్కిన పదకొండు కుండీలూ మళ్ళీ ఆకు దూయించుకుని, నా ముఖంలాగే వెలవెలబోతూ ఉన్నాయి.

నాలుగు రోజుల తర్వాత, సాయంత్రం పూట అక్కడే ఉండగా, శారదమ్మ కింది నించి ఒక్కో మెట్టూ ఎక్కుతూ వచ్చింది. చేతిలో ఫోన్ మోగుతోంది.

"నీ బిడ్డ."

చెంబు కింద పడింది. "ఏం మాట్లాడాలె అక్కా?"

"నువ్వేం మాట్లాడకు. ఆమెనే మాట్లాడుతది."

ఫోన్ చెవికి పెట్టుకున్నాను.

"అమ్మా, నీ పానం మంచిగున్నదా?" అంది రశ్మి. "ఇన్ని దినాల సంది ఒక్క ఫోన్ లేదు. నీకేమన్న అయ్యిందేమోనని రెండు దినాలసంది నిద్ర వడతలేదమ్మా."

"మంచిగనే ఉన్న బిడ్డా" అన్నాను. నాలుక మీదికి పది ప్రశ్నలొచ్చాయి. తిన్నావా, చిక్కిపోయావా, ఎప్పుడొస్తావు, అన్నిటి వెనకా అదే పాత ఎందుకు. బోర్లించిన బకెట్ మీద కూర్చుని వాటన్నిటినీ మింగాను.

ఉప్పుగూడ స్టేషన్‌లోకి ఒక బండి వచ్చి ఆగింది, కదిలింది. నేను ఊరుకున్నాను.

"ఆ పెళ్ళి ఎందుకొద్దన్ననో చెప్త అమ్మా" అంది రశ్మి. "నడుమల ఏం అడగకు."

"అడగ. చెప్పు బిడ్డా."