నుదుటి పట్టెడ

ఆ ఉదయం మబ్బు కిరిన్యాగ కొండను మొత్తం మింగేసి, వెదురు అడవి అంచుదాకా దిగి ఆగింది. గథోని గుంజకున్న మేకు మీంచి తోలు పట్టెడ తీసుకుంది. కట్టెల మోపు వీపున వేసుకుని ఆ పట్టెడను నుదుటికి తగిలించి మోసీ మోసీ ఆమె నుదురు మీద వేలు పట్టేంత గాడి పడింది. గంజి పోసిన సొరబుర్రను పైగుడ్డ కింద నడుముకు కట్టుకుంది.

కూతురు న్యాకియో తెల్లదొరలను వెళ్లగొట్టేందుకు అడవి పట్టినవాళ్లలో కలిసింది. కొడుకు మ్వౌరా ఆ దొరల కాపలా దళంలో ఉన్నాడు. దొరలు పాత ఊరు తగలబెట్టి అందర్నీ చుట్టూ కందకం తవ్విన కోటలోకి తోలిననాడు, తల్లికి ఒక గుడిసె దక్కాలని ఈటె పట్టాడు. కొడుకు ఎదుట గథోని కూతురి పేరు ఎత్తదు. అతనూ అడగడు.

కట్టెలకు పోయే ఆడవాళ్ల వెంట ఆ రోజు కాపలా అతనిదే. కందకం దాటాక తల్లి పక్కకు వచ్చి, ఎటో చూస్తూ అన్నాడు.

"అమ్మా, త్వరగా కట్టుకుని వచ్చెయ్. మధ్యాహ్నం పటాలం అడవిలోకి దిగుతోంది. వాగు కాడినుంచే మొదలంట."

"నాకెందుకురా చెప్తున్నావు?"

"నీకెవరు చెప్పారు? నోరు ఊరుకోక అన్నాను."

వాగు దగ్గర పడిపోయిన మాను తొర్రలో గథోని సొరబుర్ర పెట్టింది. బుర్ర ఒక్కటే ఉంటే తాగమని. దానికి పట్టెడ చుట్టి ఉంటే ఇక ఇక్కడ ఉండొద్దు, కొండ అవతలికి పొమ్మని. న్యాకియో అడవికి పోయే ముందు తల్లీకూతుళ్లు అనుకున్న మాట అది. గథోని పట్టెడను కాసేపు చేతిలోనే పట్టుకుంది. తర్వాత బుర్ర మెడకు చుట్టేసి, మోపును అడవితీగతో కట్టుకుంది.

కోట వాకిలి దగ్గర, సరిగ్గా కావలి మంచె కింద, తీగ తెగింది. కట్టెలు చెల్లాచెదురయ్యాయి.

"నీ పట్టెడ ఏమైందే గథోనీ?" అంది వెనక వస్తున్న వమైత. "తల మర్చిపోయొచ్చినా నమ్ముతాను గానీ!"

మంచె మీది కాపలావాడు కిందికి వంగాడు. "ఏయ్ ముసలీ, పట్టెడ అడవిలో ఎవడికిచ్చొచ్చావ్?"

గథోని కట్టెల కోసం వంగింది.

"ఎవడికిస్తుంది! నేనే కోసి చెప్పులకు వేసుకున్నా," అన్నాడు మ్వౌరా. ఈటె పక్కన పడేసి, కట్టెలు ఏరి, మోపు భుజాన ఎత్తుకున్నాడు.

ఆ సీమలో మగవాడు కట్టెలమోపు ఎత్తడం ఎవరూ చూసి ఎరగరు.

"ఓరోరి, మ్వౌరా కోడలై కాపరానికొచ్చాడ్రోయ్!" అన్నాడు వాకిలి దగ్గరి కాపలావాడొకడు.

"రేపు నీళ్లబుర్ర కూడా ఎత్తుకుంటావా, బావా?"

మంచె మీదివాడు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. పట్టెడ సంగతి ఆ నవ్వుల్లో కొట్టుకుపోయింది. మ్వౌరా తలెత్తకుండా మోపును గుడిసెదాకా మోశాడు.

మధ్యాహ్నం పటాలంతో అతనూ వెళ్లాడు. గథోని మొక్కజొన్నలు వలుస్తూ చెవి అడవివైపే పెట్టింది. తుపాకి మోగలేదు. గింజలు చేటలోంచి జారి నేలపాలవుతున్నా చూసుకోలేదు.

పొద్దుగూకేవేళ మ్వౌరా మోకాళ్లదాకా బురదతో వచ్చాడు. కోటులోంచి సొరబుర్ర తీశాడు. లోపల కడిగి ఉంది.

"తొర్రలో ఇదొక్కటే దొరికింది. పటాలం కంట పడకముందే తీశాను."

"పట్టెడ?"

"లేదు."

కూతురు కొండ దాటుతోంది. మళ్లీ ఆ తొర్రకు రాదు. గథోని ముఖం తిప్పుకుని, మొక్కజొన్నలూ చిక్కుళ్లూ మెదిపిన ముద్దను రెండు భాగాలు చేసింది. కొడుకు వైపు పెద్దది జరిపింది. అతను అందులో సగం మళ్లీ ఆమె వైపు జరిపాడు. పొయ్యి దగ్గర ఎదురెదురుగా కూర్చుని తిన్నారు.

పట్టెడ ఉండే మేకుకు, తడి ఇంకా ఆరని సొరబుర్ర వేలాడుతోంది.