అరవై ఒక్క శాతం

తేమ చేరిన కనెక్టరో, చితికిన తీగో, ఏదో ఒకటి అయి తీరాలి, కాకపోతే ఎలా, అనుకుంటూ అతను సీటు విప్పి పక్కన పెట్టాడు, మధ్యాహ్నపు ఎండ షెడ్డు రేకుల సందుల్లోంచి వంగిపోయిన ముందు చక్రం మీద చారలుగా పడుతోంది, ఇరవై రెండేళ్లుగా బండ్లు విప్పుతున్నాడు, తమ్ముడి బండి విప్పడమూ కొత్త కాదు, తమ్ముణ్ణి గాల్లోకి విసిరేసిన బండిని విప్పడమే కొత్త, మొన్న పొద్దున క్వారీ మలుపులో రోడ్డు ఎడమకు తిరిగితే బండి తిన్నగా పోయి గోడను కొట్టింది, తమ్ముడు గోడ అవతల పొదల్లో పడ్డాడు, తొడ ఎముక విరిగింది, ఆ పొదలే గనక లేకపోతే, అని డాక్టరు మాట మధ్యలో ఆపేశాడు, స్పృహ వచ్చాక తమ్ముడు ఆసుపత్రి గోడవైపు చూస్తూ చెప్పింది ఒకటే మాట, గ్రిప్పు వదిలేసినా బండి లాక్కుపోయిందన్నయ్యా, అది విని మరదలు తలెత్తి, మీరేగా బావగారూ పోయిన వారం సర్వీసు చేసింది, అంది, కోపంగా కూడా కాదు, బస్సు ఎన్నింటికని అడిగినట్టు అంది, కోప్పడి నాలుగు తిట్టినా బాగుండేది.

తన తప్పే అయినా సరే, లోపం దొరికితే చాలు, ఈ కొత్త బండికి యాక్సిలరేటరు గ్రిప్పు నుంచి ఇంజనుకు కేబులు లేదు, చెయ్యి ఎంత తిప్పిందో గ్రిప్పు దగ్గరి సెన్సర్ కొలిచి చెబుతుంది, ఆ మాట నమ్మి ఒక చిన్న మోటారు ఇంజనుకు గాలి తెరుస్తుంది, సెన్సర్ అబద్ధం చెబితే మనిషి వదిలేసినా బండి ఉరుకుతుంది, అదే అయ్యుంటుంది, తను సర్వీసులో కనెక్టరు సరిగ్గా నొక్కి ఉండడు, టక్కుమనే చప్పుడు విన్నాడా, విన్నట్టే గుర్తు, ఇప్పుడు లాగి చూస్తే పిన్నులు కొత్త గిన్నెల్లా మెరుస్తున్నాయి, మీటరు పెట్టి గ్రిప్పు మెల్లగా తిప్పాడు, అంకెలు ఎక్కడా తడబడకుండా ఎక్కాయి, వదిలితే బుద్ధిగా దిగాయి, తీగను వంచాడు, మెలిపెట్టాడు, తడిగుడ్డ చుట్టి మళ్లీ చూశాడు, తప్పు ఒప్పుకోవే నీ దుంపతెగ, అని సెన్సర్‌ను తిట్టాడు, తమ్ముడు ఇక్కడుంటే నవ్వేవాడు, బండ్ల డాక్టరుగారికి కోపమొచ్చింది, అనేవాడు, సర్వీసు రోజున ఆ ప్లాస్టిక్ డబ్బా మీదే కూర్చుని ఎన్నాళ్లకో అంత నవ్వాడు, తన పాత జోకులన్నిటికీ నవ్వాడు, ఇంటికి తిరిగొచ్చిన మనిషిలా అనిపించాడు, పోయేముందు హెల్మెట్ చేతిలో తిప్పుతూ, బండి పడితే ఇంజను దానంతటదే ఆగిపోతుందా అన్నయ్యా, అన్నాడు, ఆగుతుందిరా, పక్కకు ఒరిగితే ఇదిగో ఈ సెన్సర్ కనిపెట్టి ఆపేస్తుంది, మంటలవీ రావుగా, రావు, దారిన పోయేవాళ్లకి ఏమీ కాదుగా, ఏమీ కాదురా, అని తను ఎంత గొప్పగా వివరించాడు, బొమ్మ గీసి మరీ, ఎందుకు అడిగాడు, ఊరికే అడిగాడు, అందరూ అడుగుతారు, నిజానికి ఇరవై రెండేళ్లలో ఒక్కరూ అడగలేదు.

చేతులు తుడుచుకుని బండి లోపాలు చదివే స్కానరు తగిలించాడు, ఒకటే లోపం చూపించింది, ముందు చక్రం సెన్సర్, అది గోడ తగిలినప్పుడు తీగ తెగడం వల్ల వచ్చిందే, అయితే లోపం పుట్టిన క్షణాన బండి ఎలా ఉందో బండిలోని కంప్యూటరు రాసి పెట్టుకుంటుంది, వెలుతురులో తెర సరిగ్గా కనిపించక చెయ్యి అడ్డం పెట్టి చదివాడు, వేగం డెబ్బై రెండు, గ్రిప్పు అరవై ఒక్క శాతం, ఇంజను తెరుచుకున్నది అరవై ఒక్క శాతం, చెయ్యి అడిగినంతే బండి ఇచ్చింది, ఒక్క పిసరు ఎక్కువ ఇవ్వలేదు, ముందు బ్రేకు పడలేదు, వెనక బ్రేకు పడలేదు, లేదంటే, బ్రేకు పడిందని చెప్పే స్విచ్చులు పోయి ఉంటాయి, అవును, స్విచ్చులే, లేచి ముందు బ్రేకు నొక్కాడు, వెనక దీపం ఎర్రగా వెలిగింది, కాలితో వెనక బ్రేకు తొక్కాడు, వెలిగింది, పోవే, ఒక్కసారి వెలగకుండా పోవే, అని పదిసార్లు తొక్కాడు, పదిసార్లూ వెలిగింది, షెడ్డు గోడ మీద ఆ ఎరుపు వచ్చి పోయింది.

ఫోను మోగింది, తమ్ముడే, దొరికిందా అన్నయ్యా, లేదురా, చూస్తున్నా, తమ్ముడి గొంతు తేలిగ్గా ఉంది, సర్వీసు రోజున ఉన్నంత తేలిగ్గా, దొరక్కపోతే పోనీలే, ఏదో ఒకటి మార్చేసి సిద్ధంగా ఉంచు, కాలు నిలబడగానే బండి నాకు కావాలి, ఎందుకురా అంత తొందర, ఊరికే, నీ దగ్గరెవరున్నార్రా, ఎవరూ లేరు, నీ మరదల్ని నేనే ఇంటికి పంపేశా, పాపం నిద్రపోలేదు, సాయంత్రం దాకా రావద్దన్నా, నర్సును అడిగి మంచం కిటికీ పక్కకి జరిపించుకున్నా, గాలి బాగా వస్తోంది, ఆ గది మూడో అంతస్తని అతనికి గుర్తొచ్చింది, కిటికీకి ఊచలున్నాయా, చూడలేదు, ఎన్నిసార్లు వెళ్లాడు, ఎందుకు చూడలేదు, ఒరేయ్ ఫోను పెట్టెయ్యకు, మాట్లాడుతూ ఉండు, ఏం మాట్లాడను, ఏదైనా, నన్ను తిట్టు, సర్వీసు సరిగ్గా చెయ్యలేదని తిట్టు, అంటూ స్కానరు బండికే వదిలేసి రోడ్డు మీదికి పరుగెత్తాడు, ఆటో కోసం చెయ్యెత్తాడు, అవతల తమ్ముడు చాలా మెల్లగా, సర్వీసు బాగానే చేశావన్నయ్యా, అన్నాడు, అప్పుడు అతనికి తెలిసిపోయింది, తెలియదనుకునే దారి ఇక లేదు, బండిలో ఏ లోపమూ లేదు, ఆ మలుపులో తమ్ముడు గ్రిప్పు వదల్లేదు, ఇంకా వదల్లేదు.