వీపు మీద చార ఉన్నవాళ్ళు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. యాభై దాటిన తర్వాత వయోజన విద్య క్లాసులో అక్షరాలు నేర్చుకున్నాను. ఒత్తుల దగ్గర ఇప్పటికీ ఆగి ఆలోచిస్తాను. ఈ కొన్ని పేజీలకు ఒక చలికాలం పట్టింది. చదివేవాళ్ళు కూడా నెమ్మదిగా చదివితే ఇద్దరికీ సరిపోతుంది.

సైన్సు కథల్లో వచ్చే వేరే గ్రహాల జాతుల్లో మీరు మరిచిపోలేనిది ఏది అని పత్రికవాళ్ళు అడిగారు. నేను అటువంటి పుస్తకం చదివింది ఒక్కటే. అందువల్ల ఎంచుకోవడం కష్టం కాలేదు.

ఆ పుస్తకాన్ని జగిత్యాల గ్రంథాలయం నుంచి తెచ్చాను. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు. కాబట్టి దాని పేరు గానీ రాసినవారి పేరు గానీ చెప్పలేను. అక్షరాలు పెద్దగా ఉన్నాయని తెచ్చుకున్నాను.

కోరుట్లలో మా వాడ ఆడవాళ్ళం మధ్యాహ్నం పూట జమున ఇంటి వరండాలో కూర్చుని బీడీలు చేస్తాం. నా వేళ్ళు వంకరపోయి తునికాకు చుట్టడం చేతకాకుండా అయింది. అప్పటి నుంచి నేను చదువుతాను, వాళ్ళు తలా ఒక కట్ట నా చాటలో వేస్తారు. అంతకుముందు టీవీ పెట్టేవాళ్ళు. టీవీ అయితే తల ఎత్తి చూడాలి, చేయి ఆగుతుంది. పుస్తకానికి చెవి ఒక్కటి ఇస్తే చాలు.

ఆ పుస్తకంలో చాలా దూరపు గ్రహం మీద ఒక జాతి ఉంటుంది. వాళ్ళ అసలు పేరు నా నోటికి తిరగలేదు. వినేవాళ్ళ చెవికీ ఎక్కలేదు. తాటిచెట్టంత ఉంటారని రాసి ఉంటే, మాతో బీడీలు చేసే రత్నమాల వాళ్ళకు పొడుగోళ్లు అని పేరు పెట్టింది. వాళ్ళది బూడిద రంగు. నోరు ఉండదు. అరచేతులు నీళ్ళలో పెట్టుకుంటే ఆకలి, దాహం రెండూ తీరిపోతాయి. చేతులు నాలుగు.

నాలుగు చేతులు అనగానే చదువు ఆగిపోయింది. రెండు చేతులు ఆకు చుడుతుంటే మిగతా రెండూ దారం కడతాయి కదా, వాళ్ళకు దినానికి ఎన్ని బీడీలు అవుతాయో అని సుధ ఆశపడింది. సుధ మా అందరిలో చిన్నది, పెళ్ళయి రెండేళ్ళు.

"నాలుగు చేతులుంటె టేకేదారు నాలుగు చాటలిస్తడే పిల్లా. నీకేం మిగుల్తది?" అంది రత్నమాల. టేకేదారు అంటే మాకు ఆకు, తంబాకు ఇచ్చి, చేసిన బీడీలు తీసుకుపోయే ఆయన.

నోరు లేకుండా కొట్లాటలు ఎట్లా పెట్టుకుంటారని కొంతసేపు మాట్లాడుకున్నారు. తర్వాత, నోరు లేదంటే వంట కూడా లేదు కదా అని ఎవరికో తట్టింది.  ఆ పూట ఇంటికి పోయి పొయ్యి ముట్టించడానికి ఎవరూ తొందరపడలేదు.

అప్పటి నుంచి పొడుగోళ్లు మాకు దూరపు చుట్టాల్లాగా అయిపోయారు. పొద్దున బోరింగు దగ్గర కలిసినా, వాళ్ళకు ఏమైందని అడిగేవాళ్ళు.

పుస్తకం సగమయ్యాక చారల సంగతి వచ్చింది. ఆ జాతిలో జంటగా బతికినవాళ్ళలో ఒకరు పోతే, మిగిలినవాళ్ళ వీపు మీద మెడ నుంచి నడుము దాకా తెల్లటి చార వస్తుంది. ఆడైనా అంతే, మగైనా అంతే. దాన్ని దాచుకోరు. కొత్త ఇల్లు కట్టినా, ఆకాశంలోకి కొత్త ఓడను వదిలినా, ఇద్దరు కొత్తగా జంట అయినా, మొదటి చేయి చార ఉన్నవాళ్ళే వేయాలి. ఎందుకో కూడా రాసి ఉంది. జోడు బతికి ఉన్నవాళ్ళు ఇంకా సగం దారిలో ఉన్నారు. చార ఉన్నవాళ్ళు మొదటి నుంచి చివరి దాకా చూశారు. మొదలవుతున్నది ఏమిటో తెలిసినవాళ్ళు వాళ్ళే.

"అక్కా, గా ముక్క మళ్ళ సదువు," అంది జమున.

చదివాను. మళ్ళీ చదవమంది. ఎంత నెమ్మదిగా చదివినా రత్నమాల ఆ రోజు నన్ను తొందరపెట్టలేదు.

జమున భర్త భూమన్న మస్కట్‌లో పని చేస్తూ చనిపోయాడు. అప్పటి నుంచి ఎవరి పెళ్ళికి పోయినా జమున చోటు వంటవాళ్ళ దగ్గర, ఉల్లిగడ్డల ముందర. ఎవరూ పొమ్మనరు. తనే పోయి కూర్చుంటుంది. పోకపోతే ఎవరో ఒకరు పొమ్మంటారు కాబట్టి. ఇప్పుడు పెళ్ళి ఆమె ఒక్కగానొక్క బిడ్డ వందనది. వందన జగిత్యాలలో నర్సు పని చేస్తుంది. పెళ్ళికొడుకు మహిపాల్‌ది సిరిసిల్ల, మరమగ్గాలు రిపేరు చేస్తాడు. పసుపు దంచే రోజు మొదటి పోటు వేసి, పెళ్ళిపిల్లకు మొదట పసుపు పెట్టేది తల్లి. జమునకు బదులు ఆమె తోటికోడలు వసంత పెట్టాలని ఇంట్లో అనుకున్నారు. జమున కూడా సరే అంది. ఆ పేజీ వినేదాకా సరే అనే ఉంది.

ఆ సాయంత్రమే జమున తన బావ జలపతిని అడిగింది. ఆ మాట వసంత నాకు చెప్పింది. జలపతి భూమన్నకు అన్న, వసంత భర్త. పెళ్ళి ఖర్చు, పెద్దరికం రెండూ ఆయనవే. మొదటి చేయి నేను వేస్తాను బావా అని జమున అంటే, ఆయన వద్దనలేదు. అటువంటి పద్ధతి ఎక్కడన్నా ఉందా అని అడిగాడు.

మా దగ్గర ఒక పని తప్పా ఒప్పా అని ఎవరూ పెద్దగా అడగరు. ముందు ఎవరన్నా చేశారా అని అడుగుతారు. ఒక్కరు చేసి ఉంటే చాలు, రెండోవాళ్ళకు ధైర్యం వస్తుంది. ఆ మొదటి ఒక్కరు దొరకడమే కష్టం. ఉన్నది, లసుంబాయక్క పుస్తకంలో ఉన్నది అని జమున ఆయనకు చెప్పింది. లసుంబాయక్క అంటే నేనే.

మర్నాడు పొద్దున జలపతి మా ఇంటికి వచ్చాడు. దుబాయిలో ఇరవై ఏళ్ళు క్రేన్ నడిపిన మనిషి. కుర్చీ వేస్తే కూర్చున్నాడు, చాయ్ ఇస్తే తాగాడు. తర్వాత అడిగాడు.

"గా పద్ధతి ఎవలది వదినె? మహారాష్ట్ర దిక్కోళ్లదా?"

"గాదు. ఇంకా అవుతల."

"దుబాయి అవుతలనా?"

"చాన అవుతల."

వాళ్ళు మాంసం తింటారా అని అడిగాడు. అసలు ఏమీ తినరని చెప్పాను. నియమం ఉన్నవాళ్ళే అయి ఉంటారన్నాడు. ఆ పేజీ చదవమన్నాడు. అక్షరాల కింద వేలు పెట్టి చదివాను. నేను ఆగిన చోట ఆయన అందించలేదు. చదువు వచ్చినవాళ్ళలో అంత ఓపిక తక్కువ. చార ఉన్నామె తన నాలుగు చేతులూ కొత్త ఓడ మీద పెట్టిన చోట నన్ను ఆపాడు.

"నాలుగు చేతులా?"

"నాలుగే."

"ఉండేది పైననా?"

"పైన్నే. కని జలపతీ, ఇది కథ. ఎవలో రాసిన్రు. నీకు అబద్ధం చెప్ప."

"నాకెరుకనే వదినె. క్రేన్ మీద గన్నేండ్లు కూసున్న, పైన ఎవలు కనవడలె. కని రేపు సిరిసిల్లోళ్లు అడుగుతరు. నేను నిలవడి ఏదన్న ఒకటి చెప్పాలె. నాలుగు చేతులోళ్లు పైన గిట్లనే చేస్తరంటె కాదనెటోడెవడు?"

పుస్తకాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, అట్ట ఉంటే బాగుండేదని చెప్పి పోయాడు.

పసుపు దంచే రోజు జమున వాకిట్లో రోలు పెట్టి, రోకలికి పసుపు దారం కట్టారు. పెళ్ళికొడుకు మేనత్త అప్పుడే సిరిసిల్ల నుంచి చీర తీసుకుని వచ్చింది. ఆమెను ముందువరస కుర్చీలో కూర్చోబెట్టాం. వసంత రోకలి తీసి జమున చేతికి ఇచ్చింది. జమున ఎత్తింది. ఎత్తి అట్లాగే నిలబడిపోయింది. ఫోటో తీసేవాడు కూడా ఫోన్ దించాడు. పక్కన పీట మీద కూర్చున్న వందన తల తిప్పకుండానే తల్లితో మాట్లాడింది.

"ఎయ్యమ్మా. నాకు కాళ్లు తిమ్మిరెక్కినయ్."

జమున రోకలి వేసింది. పసుపు కొమ్ములు రెండు ఎగిరి మేనత్త కాళ్ళ దగ్గర పడ్డాయి. తర్వాత మిగతావాళ్ళు తలా ఒక పోటు వేశారు. తడిపిన పసుపు గిన్నె తీసుకుని జమున బిడ్డ దవడలకు, చేతులకు, పాదాలకు రాసింది. రెండుసార్లు రాసిన చోటే మళ్ళీ రాసింది.

మేనత్త జలపతిని పిలిచింది. పిల్ల తల్లికి భర్త లేడని చెప్పారు కదా, మరి ఇదేమిటని అడిగింది. మేమందరం వినబడనట్టు నిలబడ్డాం. జలపతి చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"పద్ధతమ్మా."

"ఎవలది?"

"పైనోళ్లది. నాలుగు చేతులుంటయి వాళ్లకు. మొదటి నుంచి కడదాక సూసినోళ్లే ముందుగాల చెయ్యెయ్యాలె. సగంల ఉన్నోళ్లకు ఏం ఎరుక?"

మేనత్త మొహం మాడిపోయింది. సంబంధం తప్పిపోయినట్టే అనుకున్నాను. జమున గిన్నె పట్టుకుని అక్కడే నిలబడింది. లోపలికి మాత్రం పోలేదు.

"గిసొంటి పద్ధతి పెట్టుకొని మాకు ముందుగాల ఒక్క మాట చెప్పద్దా?" అంది మేనత్త. "మా తాన పొద్దుగాల్నే దంచుడు మొదలువెట్టిరి. మా నాయిన లేడని మా అమ్మ లోపలర్రల కూసున్నది. ఇప్పుడు మా పోరనికి తక్కువ చేసినట్టు గాదా?"

 జలపతి తయారు చేసుకున్న జవాబులన్నీ వేరే ప్రశ్నలకు.

మేనత్త అక్కడే నిలబడి సిరిసిల్లకు ఫోన్ చేసింది. దంచడం ఆపమంది. అమ్మను బయటికి తీసుకురమ్మంది. ఏ అమ్మను అని అవతల అడిగినట్టున్నారు, మన అమ్మనే అని రెండుసార్లు చెప్పింది. అవతలివాళ్ళు చాలాసేపు మాట్లాడారు.

"అయన్ని నాకు తెల్వయి," అని వాళ్ళను ఆపింది. "ఆడపిల్లోళ్లు చేసిన్రు. మనం వాళ్లకంటె తక్కువనా?"

మేము ఆమెకు భోజనం వడ్డిస్తుండగా ఫోన్‌లోకి ఫోటో వచ్చింది. ఒక ముసలావిడ రోకలి పట్టుకుని, ఆధార్ కార్డుకు దిగినట్టు సూటిగా చూస్తూ ఉంది. మేనత్త అందరికీ చూపించి, జలపతికి రెండోసారి చూపించింది. ఇంకేమన్నా పద్ధతులుంటే ఇప్పుడే చెప్పమంది. ప్రస్తుతానికి ఇంతే అన్నాడు జలపతి.

జమున అందరికంటే చివర తినడానికి కూర్చుంది. చేతులు కడుక్కో అని వసంత నీళ్ళ చెంబు ఇచ్చింది. జమున చెంబును పక్కన పెట్టి, పసుపు అంటిన రెండు చేతుల వైపు చూసుకుని, చెంచా తెప్పించుకుంది. అలవాటు లేక సగం మెతుకులు కింద పోసుకుంటూ, చారు కూడా దానితోనే తాగుతూ, పూర్తిగా తిని లేచింది.

పోతుగంటి లసుంబాయి, వయసు అరవై మూడు, ఇప్పుడు ఉండేది కోరుట్ల.