వ్యాను ఇంజిను, ఇద్దరి సలహా

డ్రాయింగ్ మాస్టారి పాత వ్యాను ఇంజిను వసారాలో బల్లెక్కి కూర్చుంది. భార్య నర్సరీకి మొక్కలు మోసే బండి అది. ఆయిల్ ప్రెషర్ పడిపోతోందని విప్పితే, లోపల తిరిగే క్యామ్‌షాఫ్ట్ అనే కడ్డీని పట్టి ఉంచే బేరింగులు అరిగిపోయి కనిపించాయి. ఉంగరాల్లాంటి ఆ బేరింగులను ఇంజిను దిమ్మలో బిగుతుగా దింపాలి. వాటి నూనె చిల్లు దిమ్మలోని చిల్లుకు సరిగ్గా ఎదురు రావాలి. ఎవరు దింపాలన్నదే తేలడం లేదు.

"మెషిన్ షాపుకి ఇచ్చెయ్యండి. వాళ్లకిది రోజూ ఉండే పనేగా," అంది భార్య.

"దీనికి షాపెందుకు అల్లుడూ? వాటిని దింపే టూలు నేను తెస్తా, ఇంట్లోనే కానిచ్చేద్దాం," అన్నాడు ఆమె బాబాయి. ఒకప్పటి లారీ డ్రైవరు.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మాస్టారు ఎటూ తేల్చుకోకముందే టూలు గుమ్మంలోకి వచ్చేసింది.

మామా అల్లుళ్లిద్దరూ కలిసి ఒక్కో కొత్త బేరింగునూ సుత్తితో తట్టి దింపారు. చిల్లులో తీగ పెట్టి చూస్తే సాఫీగా దిగింది. మాస్టారు మురిసిపోయారు. తీరా క్యామ్‌షాఫ్ట్ దూర్చి తిప్పితే, సగం తిరిగి పట్టేసింది.

"కొత్తవి కదా, అలాగే ఉంటుంది," అన్నాడు మామ.

"చేత్తో తేలిగ్గా తిరగాలన్నారుగా మీరే?"

"అన్నాను. మరీ అంత తేలిగ్గా అనలేదు."

బేరింగే వంకరగా దిగిందో, తన చెయ్యే వంకరో మాస్టారికి పాలుపోలేదు. చివరికి అన్నీ మోసుకుని షాపుకు వెళ్లారు.

"ఇంట్లో వేశారా?" అన్నాడు షాపు మేస్త్రీ అదోలా. ఆ బేరింగులు పీకేసి, కొత్తవి దింపాడు. షాఫ్టు మళ్లీ పట్టేసింది. మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. షాఫ్టును రెండు చిన్న ఇనుప దిమ్మల మీద పెట్టి దొర్లిస్తే అప్పుడు బయటపడింది. అదే నడుం దగ్గర వంగి ఉంది.

"అయితే నేను వేసినవి బాగున్నట్టేనా?" అన్నారు మాస్టారు.

మేస్త్రీ తాను పీకి డబ్బాలో పడేసిన ఆ బేరింగులు చూపించాడు. పీకడంలో నలిగిపోయాయి. "ఇప్పుడెలా చెప్తాం సార్? బాగుంటే బాగుండొచ్చు."

వేరే షాఫ్టు వేశాక బండి చక్కగా నడిచింది. "ముందే షాపుకిస్తే పోయేది," అంది భార్య. "మనం వేసింది సరిగ్గానే ఉంది, చూశావా," అన్నాడు మామ. మాస్టారికి ఇద్దరూ నిజమే చెబుతున్నట్టు ఉంది, కానీ ఏ ఒక్కరి మాటా నమ్మబుద్ధి కావడం లేదు.

కుండీలు ఎక్కించుకుని బయల్దేరారు. కూడలిలో ఎటు తిరగాలో తోచక ఆగిపోతే, వెనక హారన్లు మోగాయి.